ఐదుకి నాలుగు

"సూది ఏడు, శుభోదయం. చక్కెర మూడు దారిలో బయలుదేరండి. రన్‌వే సున్నా నాలుగు. ఏడు వేల అడుగులు ఎక్కి అక్కడే ఉండండి. విన్నది తిరిగి చెప్పండి" అంటున్నారు మా ఆయన స్పీకర్లోంచి, ముక్కలు ముక్కలుగా, మాటకీ మాటకీ మధ్య ఒక బొత్తాం పట్టేంత ఖాళీ వదిలి. సూది ఏడు అంటే నేనే, ఆకాశంలో నా పేరది, దర్జీదానికి ఇంతకన్నా మంచి పేరేం దొరుకుతుందని ఆయనే పెట్టారు. ఏడెందుకండీ అంటే నీ మిషను సూది ఏడో నంబరు కదా అన్నారు, కాదు, పద్నాలుగు, ముప్పై మూడేళ్లు కాపురం చేసిన మనిషికి పెళ్లాం సూది నంబరు తెలియదు, కానీ ఏ రేడియోలో ఏ స్క్రూ ఎన్నో నంబరో నిద్రలో లేపి అడిగినా చెబుతారు, చెప్పేవారు. నేను బటన్ నొక్కి పట్టుకుని విన్నదంతా అప్పజెప్పాను. "సరిగ్గా చెప్పారు, ధన్యవాదాలు" అన్నారు. చెప్పారు, ధన్యవాదాలు, అండి, పెళ్లయిన కొత్తలోనైనా ఈ మర్యాద ఎరగను నేను, ఏమోయ్, ఇదిగో, వింటున్నావా, ఇంతే నా పేర్లు, విమానం ఎక్కితే మాత్రం మీరు. నేల మీద దొరకని మర్యాద కోసమే ఈ కంప్యూటర్ విమానాల ఆట నేర్చుకున్నానని మా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లందరికీ చెబుతుంటాను.

పదీ నలభైకి అమ్మాయి ఫోన్ చేసింది, "బయలుదేరామమ్మా, నాన్న వెనక సీట్లో కూర్చున్నారు, బాగానే ఉన్నారు" అని, తర్వాత గొంతు తగ్గించి, "చెప్పింది చేశావా" అని. ఆ చేస్తున్నా అన్నాను. ఆసుపత్రి ఉన్న పట్నం నుంచి మా ఊరికి కారులో గంట, అదే పట్నం నుంచి అదే ఊరికి ఈ తెర మీద నా చిన్న విమానానికి అందులో సగం, వాళ్లు రోడ్డు మీద, నేను గాలిలో, అన్నీ సర్ది పెట్టాను, పక్క మీద కొత్త దుప్పటి, మెడ కింద పెట్టుకోవడానికి నేనే కుట్టిన గుండ్రటి దిండు, నీళ్లు, తుండుగుడ్డలు, ఇంక చెయ్యడానికి పనేం లేదు, చెయ్యాల్సిన పని ఒక్కటే ఉంది, అదే చెయ్యలేక ఇటు వచ్చి కూర్చున్నాను. అమ్మాయి చెయ్యమన్నది ఆయన ఈ ఆట కోసం రికార్డు చేసిపెట్టిన ఈ గొంతు తీసెయ్యడం. "నాన్న వచ్చేసరికి అది కంప్యూటర్లో ఉండకూడదమ్మా, వింటే ఆయన గుండె ఆగిపోతుంది, నువ్వే ఆలోచించు" అంది. పొద్దున్నే ఆ పేజీ తెరిచాను, తొలగించాలా అని అడిగింది, అవును, కాదు అని రెండు గళ్లు, అవును మీద బాణం పెట్టి టీ చల్లారిపోయేదాకా కూర్చుని, చివరికి రెండూ నొక్కకుండా ఆటలోకి వచ్చేశాను. పిరికిదాన్ని, ఒప్పుకుంటాను. పదహారు రోజుల కిందట ఆసుపత్రిలో డాక్టరు, గొంతులో కాన్సరని చెప్పి, బల్ల మీద కాగితం పెట్టి గొంతు బొమ్మ గీసి, ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా తీసేస్తామమ్మా, మనిషి దక్కుతాడు, తింటాడు, నడుస్తాడు, మాట మాత్రం ఉండదు అన్నాడు, గొట్టం వాడు గీసిన తీరు చూసి, చొక్కా చెయ్యి గీస్తే నా దగ్గర నేర్చుకునే పిల్లలు కూడా ఇంతకన్నా నయంగా గీస్తారు అనుకున్నాను, అలాంటప్పుడు మనసు ఎక్కడెక్కడికో పోతుంది.

గేరు, ఫ్లాపులు, వేగం అరవై, డెబ్బై, విమానం నడిపే పుల్ల వెనక్కి లాగాను, నేల కిందకి జారింది. చక్కెర మూడు. ఈ దారులు మా ఆయన గీసినవే. నిజం విమానాశ్రయాల్లో లేచే ప్రతి విమానానికీ ఇక్కడ తిరుగు, అక్కడ ఎక్కు అని టవర్లోవాళ్లు విడమరిచి చెబుతూ కూర్చోరట, ముందే గీసిపెట్టిన దారులుంటాయి, లేచేటప్పటివి కొన్ని, దిగేటప్పటివి కొన్ని, ఒక్కో మలుపుకీ ఒక పేరు, దారి పేరొక్కటి చెబితే పైలట్‌కి మొత్తం తెలిసిపోతుంది. కాపురంలోనూ అంతేగా, "అదెక్కడుంది?" అంటే "దాని పక్కనే" అంటాం, కావలసింది దొరుకుతుంది, మూడోమనిషికి ముక్క అర్థంకాదు. పట్నం నుంచి మా ఊరి చిన్న విమానాశ్రయానికి ఈ ఆటలో దారులు లేవు, ముప్పై ఏళ్లు అక్కడ రేడియో మెకానిక్‌గా చేసిన మనిషికి అది తల కొట్టేసినట్టయింది, రిటైరైన మర్నాడే నా కత్తిరింపు బల్ల మీద నా బట్టలు పక్కకి నెట్టి పెద్ద కాగితం పరిచి నా సుద్దముక్కతోనే గీయడం మొదలుపెట్టారు. మలుపులకి పేర్లు కావాలి, ఎంత గరగరలోనైనా వినగానే పోల్చుకోగలిగేవి, ఒకదానికొకటి దగ్గరగా లేనివి. "చెప్పవోయ్, ఇంట్లో మాటలు చెప్పు" అన్నారు. చక్కెర అన్నాను. అదే మా మొదటి గొడవ, పెళ్లయిన మూడు నెలలు రోజుకి రెండుసార్లు ఆయన టీలో రెండేసి చెంచాల చక్కెర వేసి ఇచ్చాను, ఆ మూడు నెలలూ తాగారు, నాలుగో నెల మొదటి తారీకున కప్పు కింద పెట్టి, "నేను చక్కెర వేసుకోను" అన్నారు. మరి ఇన్నాళ్లు చెప్పరేంటండీ అంటే, "నువ్వు అడగలేదుగా" అన్నారు. నోట్లో మాట ఉన్న రోజుల్లోనే ఈయన సంగతి ఇది.

"సూది ఏడు, చక్కెర దాటారు. కుడికి తిరగండి. దిశ సున్నా ఎనిమిది సున్నా." సున్నా దగ్గర చిన్న జీర. ఎనిమిది వెనక దూరంగా నా మిషను, టకటకటక, రెండు కుట్లు, వింటే తెలుస్తుంది, కాలరు కుడుతున్నాను అప్పుడు. ఈ గొంతంతా బట్టల బీరువాలో రికార్డయింది, గదిలో అయితే ప్రతిధ్వని వస్తుందని కుట్టి తగిలించిన కోట్ల మధ్య, గౌన్ల మధ్య దూరి, తలుపు వేసుకుని, మోకాళ్ల మీద మైకు పెట్టుకుని కూర్చునేవారు, బయటికి వినిపించేది, ఒకటి, రెండు, మూడు, కుడికి, ఎడమకి, దిగండి, ఆగండి. కోటు కోసం వచ్చిన లెక్చరరమ్మ తలుపు తీసి కెవ్వుమంది. "పర్లేదమ్మా, మా ఆయనే, విమానాలు దింపుతున్నారు" అన్నాను. ఆవిడ కోటు తీసుకుని వెళ్లిపోయింది. ఆ సున్నాని మళ్లీ చెప్పండి, బొంగురుగా ఉంది అన్నాను ఆ రోజే. "జలుబులే" అన్నారు. ఇంకోసారి అన్నాను. మూడోసారి నవ్వాను, మీ సున్నాకి పడిశం పట్టిందండీ అని. రెండేళ్లు. బటన్‌హోలులో దారం ఒక్క పోగు వదులైతే చీకట్లో తడిమి చెప్పగలదాన్ని, ఆ జీర నా చెవిలో రోజూ పడింది, తెర మీద సున్నా వచ్చిన ప్రతిసారీ పడింది, నేను నవ్వాను. దీనికి నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోను.

అడుగులు ఏడు వేలు, నేలంతా చదరం చదరంగా ఆకుపచ్చ అతుకులు, వాళ్లు ఇప్పుడు వంతెన దాటుతుంటారు, అమ్మాయి నెమ్మదిగానే నడుపుతుంది, గుంత వస్తే ఆయన వెనకనుంచి "బ్రేకు, బ్రేకు" అంటూ... అనరు. వెనక సీట్లో ఏం చేస్తుంటారు, కిటికీలోంచి చూస్తుంటారు. ఆసుపత్రిలోనూ అంతే, నర్సు పలకా పెన్నూ ఇచ్చింది, ఏం కావాలన్నా రాసి చూపించండి తాతా అని, ఒక్కసారి "నీళ్లు" అని రాశారు, తర్వాత పలక బోర్లా పెట్టేసి గోడవైపు తిరిగారు, పదహారు రోజులూ గోడవైపే. నేను మంచం పక్కన కూర్చుని ఊళ్లో కబుర్లన్నీ చెప్పాను, ఎవరి గౌను ఎవరికి బిగుతైందో, నీళ్ల పంపు ఎన్నిసార్లు పాడైందో, ఒక్కసారైనా తల తిప్పలేదు. నాకు భయం ఆ కోత గురించి కాదు. మనిషి ఇంటికి వస్తారు, మంచం మీద పడుకుంటారు, అన్నం పెడితే తింటారు, కానీ నా దగ్గరికి రారేమోనని భయం, మాటతోపాటు నన్నూ ఆ ఆసుపత్రిలో వదిలేసి వస్తారేమోనని. ఆపరేషనుకి లోపలికి తీసుకెళ్లే ముందు చెయ్యి పట్టుకుని, భయంగా ఉందా అండీ అని అడిగాను, ఆయన నోటివెంట వచ్చే చివరి మాటలవని ఇద్దరికీ తెలుసు, ఏదో అంటారని చెవులు రిక్కించుకుని ఉన్నాను. "గేటుకి తాళం వేశావా?" అన్నారు. వేశాను అన్నాను. వెయ్యలేదు. హడావుడిలో మర్చిపోయాను, ఆ క్షణంలో మర్చిపోయానని ఎలా చెప్పను, అబద్ధమాడాను, తలుపులు మూసుకున్నాయి.

గాలిలో ఉన్నవాళ్లు నిజమే చెప్పాలోయ్ అనేవారు. ఆయన గొంతుతో మాట్లాడే ఈ ప్రోగ్రాంకి నేనేం చెప్పానో అర్థంకాదు, బటన్ నొక్కి కాసేపు ఏదో ఒకటి మాట్లాడానా లేదా అన్నదే చూస్తుంది, ఈ సంగతి నేను రెండో రోజే కనిపెట్టి, ఆయన ఎత్తు, దిశ, వేగం అన్నీ చెప్పి తిరిగి చెప్పమంటే, "ఉల్లిపాయలు రెండు కిలోలు, అగ్గిపెట్టెలు, తెల్లదారం నాలుగు రీళ్లు" అన్నాను. "సరిగ్గా చెప్పారు, ధన్యవాదాలు" అంది ఆయన గొంతు ఎంతో గంభీరంగా. వెనకాల నిలబడి ఉన్న అసలు మనిషికి మాత్రం నవ్వు రాలేదు. "కొండ ఎత్తు ఎంతో తప్పు చెబితే టవర్లోవాడు దిద్దుతాడు, నువ్వు దారం రీళ్లు చెబితే ఏం దిద్దుతాడు?" అన్నారు. అలా అన్న మనిషే దిగే దారి మొదటిసారి గీసినప్పుడు, అది బొత్తాం ఒకటి, ఐదు వేలు వెయ్యాల్సిన చోట ఐదు వందలు వేశారు, నేను ఆయన చెప్పినట్టే బుద్ధిగా దిగి కొండని గుద్దేశాను. తెరంతా నల్లబడింది. ఆయన కాగితం తెచ్చి అంకెలు చూసుకున్నారు. "తప్పు నాదే" అన్నారు, పెళ్లయ్యాక ఆ మాట వినడం అదే మొదలు, తారీకు రాసిపెట్టుకున్నాను. దారి మార్చినప్పుడల్లా అంకె ఒకటి పెంచాలట, అందుకే ఇప్పుడది బొత్తాం రెండు.

"సూది ఏడు, గొడుగు దగ్గర చుట్టూ తిరుగుతూ ఉండండి. కిందికి రమ్మని తర్వాత చెబుతాం." మంచిది, తిరుగుతాను. కింద రన్‌వే ఖాళీ లేనప్పుడు ఒక మలుపు దగ్గర గుడ్డ చుట్టూ పట్టీ కుట్టినట్టు గుండ్రంగా తిప్పుతారు, మామూలుగా విసుగు నాకు, ఇవాళ ఎన్నిసార్లయినా తిరుగుతాను, దిగితే ఆట అయిపోతుంది, ఆట అయిపోతే ఆ రెండు గళ్ల దగ్గరికి వెళ్లాలి. గొడుగు. మా అమ్మ కుట్టుపని కొట్లో మొదటిసారి చూశాను ఈయన్ని, కోటుకి లోపలివైపు స్క్రూడ్రైవరు పట్టే జేబు కావాలని వచ్చారు, వాన, వెళ్తూ గొడుగు మర్చిపోయారు. మర్నాడు గొడుగు కోసమని వచ్చారు, అరగంట కూర్చుని గొడుగు తీసుకోకుండా వెళ్లారు. మూడోరోజూ అంతే. నాలుగోరోజు అమ్మే ఆ గొడుగు నా చేతికిచ్చి, "ఇది ఇచ్చేస్తే ఇంక రాడు, ఇవ్వకపోతే రోజూ వస్తాడు, నీ ఇష్టం" అంది. నేను దాన్ని లోపలి గదిలో దాచాను. అప్పుడైనా ఇష్టమని నోటితో అన్నారా, ఏమంటారు, జేబు కుట్టి ఇస్తే స్క్రూడ్రైవరు పెట్టి చూసుకుని, "ఐదుకి నాలుగు" అన్నారు.

రేడియో బాగుచేశాక టవర్‌ని పిలిచి, టెస్టింగ్, ఒకటి, రెండు, మూడు, ఎలా వినిపిస్తున్నాను అని అడగాలి, అవతలివాళ్లు ఐదుకి ఎంతో చెబుతారు, ఐదు అంటే స్పష్టంగా, ఒకటి అంటే ఏమీ తెలియడం లేదని. ఉద్యోగమంతా ఆయన గాలిలో మాట్లాడింది ఆ ఒక్క ముక్కే. మా ఇంట్లో అన్నిటికీ అదే కొలత, టీ నాలుగు, నేను కుట్టిన మొదటి కోటు నాలుగు, అమ్మాయి చదువు నాలుగు, పెళ్లి ఫోటోలో నేను నాలుగు. ఐదు ఎప్పుడిస్తారండీ మహానుభావా అంటే, "ఐదు వచ్చేస్తే పెట్టె మూసెయ్యాలి, ఇంక విప్పి చూసే పని ఉండదు, నాకు పని ఉండాలిగా" అనేవారు. పదహారు రోజులనుంచి మా ఇంట్లో దేనికీ అంకె లేదు, టీ ఎలా ఉందో నాకు తెలియడం లేదు.

నాలుగు చుట్లయ్యాయి. కిందికి రమ్మన్నారు, బొత్తాం రెండు దారిలో ఐదు వేలు, తర్వాత మూడు వేలు. బొత్తాం అంటే అమ్మాయి రెండేళ్లప్పుడు నా డబ్బాలోంచి నీలం బొత్తాం మింగేసింది, పిల్లని ఎత్తుకుని చెప్పుల్లేకుండా వీధి చివరిదాకా పరుగెత్తారు, మర్నాటి ఉదయం బొత్తాం క్షేమంగా బయటికొచ్చింది, ఆయన కోటు లోపలి జేబుకి ఇప్పటికీ ఉంది అది. ఆ రోజు రన్‌వే పక్క గదిలో డ్యూటీ మానేసి వచ్చారు. ఇంకోరోజు ఇంటికే రాలేదు, ఒక చిన్న విమానం వాడి మైకు గాలిలో చచ్చిపోయింది, టవర్లో పెద్దాయన ఎంత పిలిచినా జవాబు లేదు, ఈయన బల్ల కింద స్క్రూడ్రైవరుతో పడుకుని ఉన్నారు, మా పెట్టె బానే ఉంది సార్, వాడి మైకే పోయింది, బటన్ నొక్కమనండి అని కిందనుంచి అరిచారు. మైకు పోయినా బటన్ పోదట, నొక్కితే టవర్లో టక్ మంటుంది. వినిపిస్తే ఒకసారి నొక్కు అన్నారు పెద్దాయన. టక్. అవునంటే ఒకటి, కాదంటే రెండు. అలా ఒక్కో ప్రశ్న అడిగి, ఒక్కో టక్ విని, చీకటి పడేలోగా దింపారు వాణ్ని. ఆ కథ నాకు వందసార్లు చెప్పారు, అందుకే ఈ ప్రోగ్రాంలో కూడా అది పెట్టారు, నేను బటన్ నొక్కి ఏమీ మాట్లాడకపోతే అడుగుతుందట. నేను మాట్లాడకపోవడమన్నది జరగలేదు కాబట్టి అదెప్పుడూ వినలేదు.

గేటు చప్పుడైంది. రన్‌వే కనిపిస్తోంది, బల్ల చివర టేపు ముక్కలా, ఎత్తు తొమ్మిది వందలు, ఇప్పుడు లేవలేను, లేస్తే పడిపోతుంది, పడిపోతే ఏం, ఆటే కదా, లేవలేను. కారు తలుపు, అమ్మాయి మాట, మెట్ల మీద ఆయన చెప్పులు, ఎడమది కొంచెం ఈడుస్తారు, "సూది ఏడు, రన్‌వే సున్నా తొమ్మిది. దిగడానికి అనుమతి. తిరిగి చెప్పండి" అన్నారు ఆయన స్పీకర్లోంచి, అదే క్షణంలో నా వెనక గుమ్మం దగ్గర ఆగారు. "అమ్మా! తీయలేదా నువ్వు!" అని అమ్మాయి గబగబా వచ్చి చెయ్యి చాపింది, ఆపెయ్యడానికే, ఆ చెయ్యి మధ్యలో ఆగిపోయింది, ఆయన పట్టుకున్నట్టున్నారు. నేను బటన్ నొక్కాను. దిగడానికి అనుమతి అనాలి, నోరు తెరిచాను, మాట కాదు కదా, గాలి కూడా రాలేదు.

"సూది ఏడు, మీ మాట రావడం లేదు" అన్నారు ఆయన స్పీకర్లోంచి, ఏ తొందరా లేకుండా. "నేను చెప్పేది వినిపిస్తుంటే బటన్ ఒకసారి నొక్కండి."

అమ్మాయి ఏడుపు వినిపించింది. నా వేలు బటన్ మీదే ఉంది, నొక్కలేదు. నా భుజం మీదుగా ఒక చెయ్యి వచ్చింది, సన్నబడి, మణికట్టు మీద ఆసుపత్రి పట్టీతో, బొటనవేలు నా వేలిమీద పెట్టి నొక్కింది. టక్.

"మంచిది. అవునంటే ఒకసారి. కాదంటే రెండుసార్లు. దిగడానికి సిద్ధమేనా?"

టక్.

దిగాను. రెండు ఎగురులు ఎగిరింది, ఒక చక్రం గడ్డిలోకి పోయింది, అయినా ఆగింది. వెనక్కి తిరగడానికి ధైర్యం చాలలేదు, ఆయన చెయ్యి ఇంకా బల్ల అంచు మీద ఉంది, దానితోనే మాట్లాడాను. "టీ పెట్టనా?" అన్నాను. వేలు బల్ల మీద ఒకసారి కొట్టింది. "చక్కెర?" రెండుసార్లు, కాస్త విసుగ్గా. "ఈ గొంతు తీసెయ్యనా?" అన్నాను. ఆలోచించారు. రెండు. "ఆ రోజు గేటుకి తాళం వెయ్యలేదండీ. అబద్ధం చెప్పాను." ఒకటి, వెంటనే, తెలుసన్నట్టు. అప్పుడు ఏడ్చాను, బల్ల మీద తలపెట్టి, కుట్టాల్సిన బట్టలన్నీ తడిసిపోయేట్టు, ఏడుస్తూనే అడిగాను, పదహారు రోజులూ మంచం పక్కన కూర్చుని వాగిన వాగుడంతటికీ కలిపి అడిగాను. "టెస్టింగ్. ఒకటి, రెండు, మూడు. నేను ఎలా వినిపిస్తున్నానండీ?"

టక్. టక్. టక్. టక్.

ఐదోదాని కోసం చూశాను. వేలు బల్ల మీదే ఉంది, కదల్లేదు, తల ఎత్తి చూస్తే కళ్ల చివర ఆ పాత మొండితనమే. నాలుగే. మా ఆయన ఇంటికి వచ్చేశారు.